ఫోర్క్ లేని చోటికి యూనిక్స్ ప్రోగ్రామ్: విండోస్‌కి తెచ్చేటప్పుడు ఏ దారి పట్టాలి?

యూనిక్స్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ని విండోస్‌కి తెచ్చేవాళ్లని మొదటి వారమంతా కంపైలర్ సతాయిస్తుంది. ఫలానా హెడర్ ఫైల్ లేదంటుంది, ఫలానా ఫంక్షన్ తెలీదంటుంది. అవన్నీ ఓపికతో తీరేవే. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. బిల్డ్ అయింది, ప్రోగ్రామ్ లేచింది, తీరా ఇంకో ప్రోగ్రామ్‌ని పిలవాల్సిన చోటికి వచ్చేసరికి కదలకుండా నిలబడిపోయింది. ఎర్రర్ కూడా లేదు. లేదంటే 193 అని ఒక అంకె చూపించి పడిపోయింది. ఇంకా టెన్షన్ పెట్టే రకం ఏంటంటే, మన లాప్‌టాప్‌లో బాగానే నడిచి కస్టమర్ దగ్గర అప్పుడప్పుడూ మాత్రమే చచ్చిపోయేది.

వీటిలో చాలావాటికి మూలం ఒకటే. యూనిక్స్‌లో కొత్త ప్రాసెస్ (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్) పుట్టించడం రెండు మెట్ల పని. ఫోర్క్ అంటే ఉన్న ప్రాసెస్‌కి నకలు తయారవుతుంది. ఆ నకలు ఎగ్జెక్‌ని పిలిచి వేరే ప్రోగ్రామ్‌గా మారిపోతుంది. విండోస్‌లో ఈ రెండు మెట్లూ లేవు. క్రియేట్‌ప్రాసెస్ అనే ఒకే ఫంక్షన్ ఉంది, దానికి 10 పారామీటర్లు ఉన్నాయి. కొత్త ప్రాసెస్ (చైల్డ్) ఖాళీగా పుడుతుంది, దాన్ని పుట్టించిన పేరెంట్ మెమరీలో ఉన్నదేదీ దానికి తెలియదు. యూనిక్స్ ప్రోగ్రామర్ ఆ రెండు మెట్ల మధ్య ఖాళీలో చాలా పని చేస్తాడు: పైపులు (ఒక ప్రాసెస్ రాసింది ఇంకోటి చదివే దారులు) తిప్పుతాడు, ఫైళ్లు మూస్తాడు, డైరెక్టరీ మారుస్తాడు, ఒక్కోసారి యూజర్‌నే మార్చేస్తాడు. ఆ ఖాళీలో ఎంత పని ఉంటే పోర్టింగ్, అంటే ఇలా వేరే సిస్టమ్‌కి తేవడం, అంత కష్టం.

అందుకే సిగ్విన్ మంచిదా, డబ్ల్యూఎస్ఎల్ మంచిదా (రెండూ విండోస్‌లో యూనిక్స్ తరహా ప్రోగ్రామ్‌లు నడిపే ఏర్పాట్లే) అన్న ప్రశ్నతో మొదలుపెట్టొద్దంటాను. ముందు మీ కోడ్‌లో ఫోర్క్ ఎందుకు ఉందో చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

## ముందు ఫోర్క్‌లు లెక్కపెట్టండి

సోర్స్ మొత్తంలో ఫోర్క్, వీఫోర్క్, ఎగ్జెక్ కుటుంబం, పీఓపెన్, సిస్టమ్ అన్న పిలుపులన్నీ వెతికి ఒక కాగితం మీద రాసుకోండి. చివరి రెంటినీ చాలామంది మర్చిపోతారు. వాటి లోపల జరిగేదీ ప్రాసెస్ పుట్టించడమే. నేను చూసిన ఒక పాత ప్రోగ్రామ్‌లో ఫోర్క్ అన్న మాట బోలెడు చోట్ల కనిపించి భయపెట్టింది. కామెంట్లు, ఎవరూ వాడని పాత కోడ్ తీసేస్తే మిగిలినవి నాలుగే, ఆ నాలుగూ ఒకే పని చేస్తున్నాయి.

దొరికిన ప్రతి ఫోర్క్ కింది వాటిలో ఒక రకానికి చెందుతుంది.

పిలిచి వదిలేసే ఫోర్క్. నకలు పుట్టగానే ఎగ్జెక్‌తో వేరే ప్రోగ్రామ్ అయిపోతుంది. కంపైలర్ అసెంబ్లర్‌ని పిలవడం, ఎడిటర్ స్పెల్ చెకర్‌ని పిలవడం ఈ రకమే. ఎక్కువగా కనిపించేది ఇదే, విండోస్‌కి తేలిగ్గా మారేదీ ఇదే.

పని పంచుకునే ఫోర్క్. ఎగ్జెక్ ఉండదు. నకలు పేరెంట్ వేరియబుల్స్, తెరిచిన సాకెట్లు అలాగే వాడుకుంటూ పని చేస్తుంది. కనెక్షన్‌కి ఒక ప్రాసెస్ పెట్టే పాత సర్వర్లు ఇలా నడుస్తాయి. తలనొప్పి ఇక్కడ మొదలవుతుంది.

ఫొటో తీసే ఫోర్క్. డేటాని మెమరీలో పెట్టుకునే సర్వర్ రెడిస్, ఆ డేటాని డిస్క్‌కి రాసేటప్పుడు ఇదే చేస్తుంది. ఫోర్క్ అయిన క్షణంలో మెమరీ ఎలా ఉందో చైల్డ్‌కి అలాగే కనిపిస్తుంది. చైల్డ్ నింపాదిగా డిస్క్‌కి రాస్తుంటే పేరెంట్ కొత్త రిక్వెస్టులు చూసుకుంటుంది. విండోస్‌లో దీనికి దగ్గరి ప్రత్యామ్నాయం లేదు.

డీమన్ ఫోర్క్. డీమన్ అంటే వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్. టెర్మినల్ నుంచి విడిపోవడానికి రెండుసార్లు ఫోర్క్ చేసి మధ్యలో సెట్‌సిడ్ (కొత్త సెషన్ మొదలుపెట్టే ఫంక్షన్) పిలవడం. దీన్ని అనువదించాలని చూడకండి. విండోస్ సర్వీస్‌గా రిజిస్టర్ చేసి ఆ కోడ్‌ని తీసేయడమే.

## వేటితో తూచాలి

రకం తేలాక ఇంకో నాలుగు సంగతులు చూసుకోవాలి. నడిపేది మీరేనా, లేక ఎవరో తెలియని యూజరా? నిమిషానికి ఎన్ని ప్రాసెస్‌లు పుడతాయి? ప్రోగ్రామ్ విండోస్ ఫైళ్లతో, విండోస్ సర్వీసులతో మాట్లాడాలా? సోర్స్ మార్చే స్వేచ్ఛ, టైమ్ మీకు ఉన్నాయా? నన్నడిగితే మొదటి ప్రశ్నే అన్నిటికన్నా బరువైనది. మీకోసం మీరు చేసుకునే పోర్ట్‌లో ఏ కుంటి నడకైనా భరించొచ్చు. పక్కవాడికి ఇచ్చే ఇన్‌స్టాలర్‌లో అది కుదరదు.

| దారి | ఫోర్క్ సంగతి | ప్రాసెస్ పుట్టే వేగం | యూజర్ దగ్గర ఉండాల్సింది | సోర్స్‌లో మార్పు |
|---|---|---|---|---|
| డబ్ల్యూఎస్ఎల్2 | అసలైన లినక్స్ ఫోర్క్ | లినక్స్‌లో ఎంతో అంత | డబ్ల్యూఎస్ఎల్2, ఒక లినక్స్ డిస్ట్రో | దాదాపు సున్నా |
| సిగ్విన్, ఎమ్‌సిస్2 | అనుకరణ | నెమ్మది | వాటి డీఎల్‌ఎల్ (ప్రోగ్రామ్‌తో పాటు లోడయ్యే కోడ్ ఫైల్) | కొద్దిగా |
| నేరుగా క్రియేట్‌ప్రాసెస్ | లేదు | విండోస్ ఇచ్చినంత | ఏమీ అక్కర్లేదు | ఎక్కువ |
| మధ్యలో లైబ్రరీ (లిబ్‌యూవీ, జీలిబ్, ఏపీఆర్) | లేదు | పై దానితో సమానం | ఆ లైబ్రరీ | ఓ మోస్తరు |
| డిజైన్ మార్చడం | అవసరమే లేదు | ప్రశ్నే రాదు | ఏమీ అక్కర్లేదు | చాలా |

ఇంటర్నెట్‌లో ఇప్పటికీ తగిలే ఆరో దారి ఒకటుంది: ఇంటరిక్స్, అంటే విండోస్ సర్వీసెస్ ఫర్ యూనిక్స్. 2004లో దాని 3.5 వెర్షన్ ఉచితంగా వచ్చింది, అందులో నిజమైన ఫోర్క్ ఉండేది. తర్వాతి రూపాన్ని మైక్రోసాఫ్ట్ విండోస్ 8.1 నాటికి పూర్తిగా తీసేసింది. పాత గైడ్‌లో ఆ పేరు కనిపిస్తే పేజీ తిప్పేయండి. విండోస్ గుండెకాయ అయిన ఎన్‌టీ కెర్నల్‌కి ప్రాసెస్ నకలు తీయడం వచ్చన్న మాట నిజమే, ఇంటరిక్స్ వాడుకున్నదీ ఆ శక్తినే. కానీ అలా పుట్టిన చైల్డ్ సంగతి విన్32 సబ్‌సిస్టమ్‌కి (మామూలు విండోస్ ప్రోగ్రామ్‌లని నడిపే భాగానికి) తెలియదు. డాక్యుమెంట్ చేయని ఆ కాల్స్‌తో ఆడుకోవడం సరదాగా ఉంటుంది, ప్రాజెక్ట్‌కి మాత్రం వద్దు.

## డబ్ల్యూఎస్ఎల్2: పోర్ట్ చేయకుండా తప్పించుకోవడం

2016లో వచ్చిన మొదటి డబ్ల్యూఎస్ఎల్‌లో లినక్స్ కెర్నల్ లేదు. లినక్స్ సిస్టమ్ కాల్స్‌ని విండోస్ కెర్నలే అందుకుని జవాబు చెప్పేది. 2020లో యూజర్లందరికీ అందిన రెండో దాంట్లో చిన్న వర్చువల్ మెషీన్‌లో అసలైన లినక్స్ కెర్నలే నడుస్తుంది. కాబట్టి ఫోర్క్, సిగ్నల్స్, ప్రాసెస్ గ్రూపులు అన్నీ పుస్తకంలో ఉన్నట్టే పనిచేస్తాయి. పై నాలుగు రకాల్లో ఏదైనా సరే.

చిక్కల్లా గడప దగ్గరే. మౌంట్ డైరెక్టరీ కింద కనిపించే సి డ్రైవ్‌లో వేల కొద్దీ చిన్న ఫైళ్లు ముట్టుకునే పని, ఉదాహరణకి పెద్ద బిల్డ్, బాగా నెమ్మదిస్తుంది. సోర్స్‌ని లినక్స్ వైపు హోమ్ డైరెక్టరీలోకి మార్చుకుంటే ఆ బాధ పోతుంది. అక్కడి నుంచి విండోస్ ఈఎక్స్ఈని పిలవచ్చు, కానీ పాత్‌లు మీరే మార్చి ఇవ్వాలి. మీ ప్రోగ్రామ్ నడిపే వ్యక్తికి టెర్మినల్ అంటే తెలియకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే.

## సిగ్విన్, ఎమ్‌సిస్2: అనుకరించే ఫోర్క్

సిగ్విన్ 1995లో సిగ్నస్ సొల్యూషన్స్‌లో మొదలైంది. దాని ఫోర్క్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాని రోగాలన్నీ అర్థమవుతాయి. పేరెంట్ ముందు క్రియేట్‌ప్రాసెస్‌తో తన ఈఎక్స్ఈనే మళ్లీ, ఆపి ఉంచిన స్థితిలో పుట్టిస్తుంది. తర్వాత తన డేటా, హీప్, స్టాక్ మొత్తాన్ని చైల్డ్‌లోకి కాపీ చేస్తుంది. లినక్స్‌లోలా రాసినప్పుడే కాపీ (ఎవరైనా మార్చేదాకా మెమరీని ఇద్దరూ పంచుకోవడం) అనే సౌకర్యం లేదు, ఉన్నదంతా అప్పుడే మోయాలి. ఆపైన చైల్డ్ నిద్రలేచి తాను ఫోర్క్ నుంచే తిరిగి వచ్చినట్టు నటిస్తుంది.

ఈ నాటకం రక్తి కట్టాలంటే ఒక షరతు ఉంది. పేరెంట్‌లో ప్రతి డీఎల్‌ఎల్ ఏ అడ్రస్‌లో ఉందో చైల్డ్‌లోనూ సరిగ్గా అక్కడే ఉండాలి. ఎవరైనా ముందే ఆ చోట కూర్చుంటే, ఫలానా డీఎల్‌ఎల్‌కి కావాల్సిన అడ్రస్ స్పేస్ ఇప్పటికే నిండిపోయిందన్న ఎర్రర్‌తో ఫోర్క్ ఆగిపోతుంది. కూర్చునేది చాలాసార్లు యాంటీవైరస్. ప్రతి ప్రాసెస్‌లోకీ తన డీఎల్‌ఎల్‌ని దూర్చడం వాటికి అలవాటు. అలా ఇబ్బంది పెట్టే సాఫ్ట్‌వేర్ల జాబితాని సిగ్విన్ వాళ్లే చాలా కాలంగా నడుపుతున్నారు. ఎర్రర్ అప్పుడప్పుడూ మాత్రమే వస్తుందంటే నేను మొదట అనుమానించేది దీన్నే.

మందు: సిగ్విన్ ప్రాసెస్‌లన్నీ, సర్వీసులతో సహా, ఆపేసి డ్యాష్ షెల్ ఒక్కటే తెరిచి రీబేస్‌ఆల్ నడపడం. అది డీఎల్‌ఎల్‌లకి ఒకదానితో ఒకటి గొడవపడని అడ్రస్‌లు పంచుతుంది. 32 బిట్ రోజుల్లో ఇది నెలకోసారి చేసుకునే తద్దినం. 64 బిట్‌లో అడ్రస్‌లకి కరువు లేదు కాబట్టి గొడవ బాగా తగ్గింది. 3.4 వెర్షన్ నుంచి సిగ్విన్ 64 బిట్‌కే పరిమితమైంది కూడా. ఇంకో సంగతి: విండోస్ ఎక్స్‌ప్లాయిట్ ప్రొటెక్షన్‌లో అన్ని ఇమేజ్‌లకీ బలవంతంగా అడ్రస్ మార్చే సెట్టింగ్‌ని కొన్ని ఆఫీసుల సెక్యూరిటీ టీమ్‌లు ఆన్ చేసి ఉంచుతాయి. అది ఉంటే ఈ ఫోర్క్ నిలవదు. ఆయా ఈఎక్స్ఈలకి మినహాయింపు ఇప్పించుకోవాలి.

వేగం సంగతి దాచేది కాదు. బిల్డ్‌కి ముందు నడిచే కాన్ఫిగర్ స్క్రిప్ట్ వేల కొద్దీ చిన్న ప్రాసెస్‌లు పుట్టిస్తుంది. లినక్స్‌లో టీ కలుపుకునేలోపు అయ్యేది ఇక్కడ టీ తాగి కప్పు కడిగినా అవ్వదు. గిట్‌లో షెల్ స్క్రిప్టులుగా ఉన్న కమాండ్లని ఒక్కొక్కటిగా సి భాషలోకి తిరగరాయడానికి విండోస్‌లో ఈ ఖర్చు ఒక పెద్ద కారణం. గిట్ రీబేస్ కమాండ్ 2018లో అలా మారింది.

ఎమ్‌సిస్2 దగ్గర చాలామంది తడబడేది పేర్ల వల్ల. అది సిగ్విన్ నుంచి చీలి వచ్చిందే. కానీ అందులో ఏ టెర్మినల్ తెరిచారన్నదాన్ని బట్టి లోకమే మారిపోతుంది. ఎమ్‌సిస్ పేరున్న టెర్మినల్‌లో బిల్డ్ చేస్తే అనుకరణ ఫోర్క్ దొరుకుతుంది, ప్రోగ్రామ్ వాళ్ల డీఎల్‌ఎల్ మీద ఆధారపడుతుంది. యూసీఆర్‌టీ64 టెర్మినల్‌లో చేస్తే మింగ్‌డబ్ల్యూ కంపైలర్ అచ్చమైన విండోస్ ప్రోగ్రామ్ తయారు చేస్తుంది, అందులో ఫోర్క్ ఉండదు. నిన్నటిదాకా బిల్డ్ అయింది, ఇవాళ ఫోర్క్ దొరకట్లేదు అంటే ముందు టెర్మినల్ పేరు చూడండి.

రెండో మెలిక ఆర్గుమెంట్లది. ఎమ్‌సిస్2 షెల్ నుంచి మామూలు విండోస్ ప్రోగ్రామ్‌ని పిలిచినప్పుడు, స్లాష్‌తో మొదలయ్యే ప్రతి ఆర్గుమెంట్‌నీ పాత్ అనుకుని విండోస్ పాత్‌గా మార్చేస్తుంది. స్లాష్‌తో ఆప్షన్లు తీసుకునే విండోస్ టూల్స్ దీంతో తికమక పడతాయి. ఈ మార్పిడిని ఆపడానికి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, దాన్ని ఆ ఒక్క కమాండ్‌కే పెట్టండి, మొత్తానికి వద్దు.

## నేరుగా క్రియేట్‌ప్రాసెస్: కష్టం ఎక్కువ, ఫలితం శుభ్రం

మీ ఫోర్క్‌లన్నీ పిలిచి వదిలేసే రకమే అయితే, యూజర్‌కి ఇన్‌స్టాలర్ ఇవ్వాల్సి ఉంటే, నా ఓటు దీనికే. ఫోర్క్‌కీ ఎగ్జెక్‌కీ మధ్య చేసిన పనులన్నీ క్రియేట్‌ప్రాసెస్‌కి ఇచ్చే వివరాలుగా మారతాయి. డైరెక్టరీకి ఒక పారామీటర్, పైపులకి స్టార్టప్ ఇన్ఫో స్ట్రక్చర్, ఎన్విరాన్‌మెంట్‌కి ఒక బ్లాక్. సెట్‌యూఐడీ (యూజర్‌ని మార్చే పిలుపు) లాంటివి మాత్రం అలా మారవు, ఆ భాగాన్ని కొత్తగా ఆలోచించాల్సిందే.

విండోస్ సి రన్‌టైమ్‌లో (సి ప్రోగ్రామ్‌లు వాడుకునే మూల లైబ్రరీలో) ఎగ్జెక్ అన్న పేరుతోనే ఫంక్షన్లు కనిపించి ఆశపెడతాయి. నమ్మకండి. యూనిక్స్ ఎగ్జెక్ అదే ప్రాసెస్‌ని మారుస్తుంది, ప్రాసెస్ నంబర్ మారదు. విండోస్‌లోని ఎగ్జెక్ కొత్త ప్రాసెస్ పుట్టించి పాతదాన్ని ముగించేస్తుంది. పాతదాని కోసం వేచి ఉన్న షెల్ పని అయిపోయిందనుకుని ప్రాంప్ట్ చూపించేస్తుంది, అసలు ప్రోగ్రామ్ వెనకాల ఇంకా రాస్తూనే ఉంటుంది. ఎగ్జెక్ బదులు చైల్డ్‌ని పుట్టించి, అది ముగిసేదాకా ఆగి, దాని ఎగ్జిట్ కోడ్‌తోనే మీరూ ముగియండి.

ఆర్గుమెంట్ల దగ్గర తగిలే దెబ్బలు అన్నిటికన్నా ఎక్కువ. యూనిక్స్‌లో ఆర్గుమెంట్లు విడివిడిగా ఒక వరుసగా వెళ్తాయి. విండోస్‌లో వెళ్లేది ఒకే పొడుగాటి స్ట్రింగ్, దాన్ని ముక్కలు చేసుకునే బాధ్యత చైల్డ్‌దే. చైల్డ్‌ని పుట్టించే సి రన్‌టైమ్ స్పాన్ ఫంక్షన్లు వరుస తీసుకుంటాయి కదా అని ఊరడిల్లకండి. అవి మధ్యలో ఖాళీ పెట్టి అతికిస్తాయంతే, కోట్స్ పెట్టవు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ పేరులో ఉన్న ఆ ఒక్క ఖాళీ ఎన్ని పోర్ట్‌లని పడగొట్టిందో. కోట్స్ మీరే పెట్టేటప్పుడు బ్యాక్‌స్లాష్ నియమం గుర్తుంచుకోండి: కోట్‌కి ముందు వచ్చిన బ్యాక్‌స్లాష్‌లని రెట్టింపు చేయాలి, మామూలు చోట్ల అలాగే వదలాలి. చివర బ్యాక్‌స్లాష్ ఉన్న డైరెక్టరీ పేరుకి కోట్స్ పెట్టి చూడండి, మూసే కోట్ మాయమై తర్వాతి ఆర్గుమెంట్ దీనికి అతుక్కుంటుంది.

ఇదంతా సి రన్‌టైమ్ నియమం. బ్యాచ్ ఫైల్‌ని పిలిస్తే మధ్యలో కమాండ్ ప్రాంప్ట్ దూరుతుంది, దాని నియమాలు వేరు. ఈ తేడాని వాడుకుని ఆర్గుమెంట్ రూపంలో కమాండ్ నడిపించే రంధ్రాన్ని మూయడానికి 2024 ఏప్రిల్‌లో రస్ట్ భాష 1.77.2 విడుదల చేయాల్సి వచ్చింది. బయటివాళ్లు ఇచ్చిన మాటల్ని బ్యాచ్ ఫైల్‌కి పంపకుండా ఉండటమే క్షేమం.

పొడవుకీ హద్దుంది. క్రియేట్‌ప్రాసెస్‌కి 32,767 అక్షరాలు, కమాండ్ ప్రాంప్ట్ మీదుగా వెళ్తే 8,191. లినక్స్‌లో వందల ఆబ్జెక్ట్ ఫైళ్ల పేర్లు లింకర్‌కి ఇచ్చిన బిల్డ్ ఇక్కడ 206 ఎర్రర్‌తో ఆగుతుంది. పేర్లని ఒక ఫైల్‌లో రాసి ఆ ఫైల్ పేరు ఇవ్వండి, చాలా కంపైలర్లు, లింకర్లు దాన్ని ఒప్పుకుంటాయి. ఇంకో చిన్న గొయ్యి: యూనికోడ్ రూపంలోని క్రియేట్‌ప్రాసెస్ మీరిచ్చిన కమాండ్ లైన్ స్ట్రింగ్‌లోనే రాసే అవకాశం ఉంది. మార్చడానికి వీల్లేని స్ట్రింగ్ ఇస్తే ప్రోగ్రామ్ అక్కడే కూలుతుంది.

ఇక ఎర్రర్ లేకుండా నిలబడిపోయే జబ్బు. పేరెంట్ పైపు నుంచి చదువుతూ ముగింపు కోసం చూస్తుంటుంది, చైల్డ్ ఎప్పుడో పోయింది, అయినా ముగింపు రాదు. పైపు రాసే కొన ఇంకెవరి చేతిలోనో ఉండిపోవడమే కారణం. పేరెంట్ తన కాపీని మూయడం మర్చిపోయి ఉండొచ్చు, లేదా అదే సమయంలో పుట్టిన ఇంకో చైల్డ్‌కి అది వారసత్వంగా వెళ్లి ఉండొచ్చు. విండోస్‌లో హ్యాండిల్స్ (తెరిచిన ఫైల్, పైపు, ప్రాసెస్ లాంటివాటిని పట్టుకునే గుర్తులు) వారసత్వం అంతా లేదా ఏమీ లేదు అన్నట్టు ఉంటుంది. విస్టా నుంచి ఏ హ్యాండిల్స్ వెళ్లాలో జాబితా ఇచ్చే సదుపాయం ఉంది, మొదటి రోజు నుంచే దాన్ని వాడండి. థ్రెడ్లున్న ప్రోగ్రామ్‌లో ఇది లేకుండా గట్టెక్కిన పోర్ట్‌ని నేను చూడలేదు.

ఎదురుచూడటం కూడా వేరే. చైల్డ్‌లలో ఎవరు ముగిసినా చెప్పే వెయిట్‌పిడ్ లేదు, చైల్డ్ పోయిందని చెప్పే సిగ్నల్ లేదు. ప్రతి చైల్డ్ హ్యాండిల్‌నీ దాచుకుని వాటి మీద వేచి ఉండాలి, ఒక్క పిలుపులో 64 వరకే. ప్రాసెస్ నంబర్ ఒక్కటే దాచుకుంటే చాలదు, అది తర్వాత వేరే ప్రాసెస్‌కి వెళ్లిపోవచ్చు. ఎగ్జిట్ కోడ్ 259 వస్తే ఇంకా నడుస్తోందని అర్థం, కాబట్టి మీ ప్రోగ్రామ్ ఎప్పుడూ 259తో ముగియకూడదు. ప్రాసెస్ గ్రూప్ మొత్తాన్ని చంపే పనికి, ప్రాసెస్‌లని ఒక గుంపుగా కట్టే జాబ్ ఆబ్జెక్ట్ ఉంది. జాబ్ హ్యాండిల్ మూయగానే లోపలి ప్రాసెస్‌లన్నీ ముగిసేలా పెట్టొచ్చు. ఈ ఒక్క విషయంలో విండోస్ పద్ధతే నాకు నచ్చుతుంది.

సిస్టమ్, పీఓపెన్ పిలుపులు కంపైల్ అవుతాయి కాబట్టి మోసం చేస్తాయి. లోపల నడిచేది కమాండ్ ప్రాంప్ట్. కమాండ్ కోట్‌తో మొదలై లోపల ఇంకా కోట్స్ ఉంటే అది మొదటి కోట్‌నీ చివరి కోట్‌నీ పీకేస్తుంది. అందుకే మొత్తం కమాండ్ చుట్టూ ఇంకో జత కోట్స్ పెట్టడం అనే వింత ఆచారం వచ్చింది. కిటికీలున్న ప్రోగ్రామ్‌లో రన్‌టైమ్ ఇచ్చే పీఓపెన్ అసలు పనిచేయదు, కదలకుండా నిలబడిపోతుంది.

## మధ్యలో ఒక లైబ్రరీ

పై సెక్షన్ చదివి నీరసం వచ్చిందా? అలాంటి వాళ్ల కోసమే ఇది. నోడ్ జేఎస్ కోసం పుట్టిన లిబ్‌యూవీ, అపాచీ వాళ్ల ఏపీఆర్, జీనోమ్ వైపు నుంచి వచ్చిన జీలిబ్ — మూడూ కోట్స్, పైపుల గొడవని తమ నెత్తిన వేసుకుంటాయి. గ్నూ ప్రోగ్రామ్ అయితే గ్నూలిబ్‌లో విండోస్‌కి కూడా పనిచేసే పోసిక్స్ స్పాన్ (ఫోర్క్, ఎగ్జెక్ పనిని ఒకే పిలుపులో చేసే యూనిక్స్ ఫంక్షన్) ఉంది, సోర్స్ యూనిక్స్ రూపంలోనే ఉంటుంది.

జీలిబ్ వాడితే ఒక సంగతి. విండోస్‌లో అది చాలా సందర్భాల్లో చైల్డ్‌ని ఒక చిన్న సహాయక ఈఎక్స్ఈ ద్వారా పుట్టిస్తుంది. ఇన్‌స్టాలర్‌లో ఆ ఫైల్ పెట్టడం మర్చిపోతే డెవలపర్ మెషీన్‌లో అంతా బాగుంటుంది, యూజర్ దగ్గర ఏ ప్రోగ్రామూ లేవదు.

స్క్రిప్ట్ భాషల వాళ్లకి ఎంపిక ముందే జరిగిపోయింది. పైథాన్‌లో ఓఎస్ ఫోర్క్ విండోస్‌లో లేదు, మల్టీప్రాసెసింగ్ కొత్త ఇంటర్‌ప్రెటర్ పుట్టించి మీ ఫైల్‌ని మళ్లీ ఇంపోర్ట్ చేసుకుంటుంది. మెయిన్ భాగానికి ఇఫ్ కాపలా లేకపోతే చైల్డ్ మళ్లీ చైల్డ్‌ని పుట్టించబోయి ఎర్రర్‌తో ఆగుతుంది. మ్యాక్‌లో 3.8 నుంచి ఇదే పద్ధతి డీఫాల్ట్, 3.14లో లినక్స్ కూడా సాదా ఫోర్క్‌ని వదిలేసింది. అంటే విండోస్ కోసం చేసిన సవరణ ఇప్పుడు అన్నిచోట్లా పనికొస్తుంది. పెర్ల్ ఇంకో దారి పట్టింది: ఫోర్క్ అంటే లోపల థ్రెడ్ పుట్టించి, దానికి మైనస్ గుర్తున్న ప్రాసెస్ నంబర్ ఇస్తుంది.

## డిజైన్ మార్చడం

పని పంచుకునే ఫోర్క్, ఫొటో తీసే ఫోర్క్ ఉన్న ప్రోగ్రామ్‌ని అచ్చమైన విండోస్ ప్రోగ్రామ్‌గా మార్చాలంటే క్రియేట్‌ప్రాసెస్, లైబ్రరీ దారులు పూర్తి జవాబు కావు. ఇక్కడ పెద్ద ప్రాజెక్టులు ఏం చేశాయో చూడటం మంచిది.

అపాచీ వెబ్ సర్వర్ విండోస్‌లో ఒకే చైల్డ్ ప్రాసెస్ పెట్టుకుని లోపల థ్రెడ్లతో పని చేయిస్తుంది. కోడ్ థ్రెడ్లకి సిద్ధంగా ఉంటే ఇదే ఉత్తమం. డేటాబేస్ సర్వర్ పోస్ట్‌గ్రెస్ మాత్రం ప్రాసెస్‌లని వదల్లేదు. 2005 జనవరిలో వచ్చిన 8.0తో విండోస్‌లో సొంతంగా నడవడం మొదలుపెట్టింది. పేరెంట్ తనకు తెలిసిన ముఖ్యమైన విషయాలన్నీ మూటగట్టి పెడుతుంది, అదే ఈఎక్స్ఈని మళ్లీ పుట్టిస్తుంది, చైల్డ్ మూట విప్పుకుని షేర్డ్ మెమరీకి తగులుకుంటుంది. ఆ షేర్డ్ మెమరీ రెండింట్లోనూ ఒకే అడ్రస్‌లో ఉండాలి, సిగ్విన్‌ని వేధించిన దెయ్యమే మళ్లీ. షేర్డ్ మెమరీకి తిరిగి తగులుకోలేకపోయామనే 487 ఎర్రర్ చాలామంది యూజర్లకి తెలిసిందే. చైల్డ్‌ని ఆపి ఉంచి పుట్టించి, అది నిద్రలేవకముందే ఆ చోటుని దానికోసం రిజర్వ్ చేయడం వాళ్లు కనుక్కున్న మందు.

రెడిస్‌కి మైక్రోసాఫ్ట్ మనుషులు చేసిన విండోస్ పోర్ట్ డేటా హీప్‌ని మ్యాప్ చేసిన మెమరీలో పెట్టి, రాసినప్పుడే కాపీ అయ్యే ఏర్పాటుని చేత్తో కట్టింది. తెలివైన పనే. ఆ పోర్ట్ 2016లోనే ఆగిపోయింది, ఇప్పుడు రెడిస్ వాళ్లు విండోస్ యూజర్లకి చూపించే దారుల్లో డబ్ల్యూఎస్ఎల్ ఒకటి. ఫొటో తీసే ఫోర్క్ ఉన్నవాళ్లు ఇది చూసి తమ సత్తువ అంచనా వేసుకోవాలి.

## లక్షణం చూసి రోగం పట్టుకోవడం

| కనిపించేది | ఎక్కువసార్లు కారణం | చేయాల్సింది |
|---|---|---|
| ఎర్రర్ 2 | పాత్ తప్పు, లేదా బ్యాచ్ ఫైల్‌ని పొడిగింపు లేకుండా పిలవడం | పూర్తి పాత్ ఇవ్వండి |
| ఎర్రర్ 193 | షెల్ స్క్రిప్ట్‌ని నేరుగా నడపబోవడం. విండోస్ #! లైన్ చదవదు | ఇంటర్‌ప్రెటర్‌ని పిలిచి స్క్రిప్ట్‌ని ఆర్గుమెంట్‌గా ఇవ్వండి |
| ఎర్రర్ 740 | అడ్మిన్ హక్కులు అడుగుతోంది | మ్యానిఫెస్ట్ (ఏ హక్కులు కావాలో ఈఎక్స్ఈ చెప్పుకునే భాగం) చూడండి |
| ఎగ్జిట్ కోడ్ -1073741515 | డీఎల్‌ఎల్ దొరకలేదు | పాత్ వేరియబుల్, ఇన్‌స్టాలర్ చూడండి |
| ఎగ్జిట్ కోడ్ -1073741701 | 32, 64 బిట్ కలగాపులగం | అన్నీ ఒకే రకానివి పెట్టండి |
| ఎగ్జిట్ కోడ్ -1073741502 | డీఎల్‌ఎల్ మొదలవలేదు | సర్వీస్ అయితే డెస్క్‌టాప్ హీప్ (కిటికీల కోసం పక్కన పెట్టిన మెమరీ), సిగ్విన్ అయితే యాంటీవైరస్ |
| చైల్డ్‌లో నెట్‌వర్క్ మొదలవదు | ఎన్విరాన్‌మెంట్ శుభ్రం చేసేటప్పుడు సిస్టమ్‌రూట్ పోయింది | దాన్ని తిరిగి చేర్చండి |

740 కథ సరదాగా ఉంటుంది. మ్యానిఫెస్ట్ లేని 32 బిట్ ఈఎక్స్ఈ పేరులో సెటప్, ఇన్‌స్టాల్, అప్‌డేట్ లాంటి మాట ఉంటే విండోస్ దాన్ని ఇన్‌స్టాలర్ అనుకుంటుంది. యూనిక్స్‌లో అమాయకంగా ఫైళ్లు కాపీ చేసే ఇన్‌స్టాల్ కమాండ్, ప్యాచ్ కమాండ్ ఈ అనుమానానికి బలైనవే.

అంకె చూసినా తేలకపోతే ప్రాసెస్ మానిటర్ అనే టూల్ తెరిచి, ప్రాసెస్ పుట్టిన సంఘటనలు మాత్రమే వడకట్టి, చైల్డ్‌కి నిజంగా చేరిన కమాండ్ లైన్ చదవండి. మీరు పంపామనుకున్నదీ అక్కడ కనిపించేదీ ఒకటి కాకపోవడం మామూలే.

## ఎవరికి ఏది

నడిపేది మీరూ మీ టీమేనా? డబ్ల్యూఎస్ఎల్2, ఇంకో ఆలోచన వద్దు. షెల్ స్క్రిప్టులతో అల్లుకున్న పాత టూల్స్ విండోస్ ఫైళ్ల మీదే పనిచేయాలంటే సిగ్విన్, నెమ్మదిని భరించాలి. అనుకరణ డీఎల్‌ఎల్‌తో పాటు అమ్మేవాళ్లు లైసెన్స్ కూడా ఒకసారి చదవండి. విండోస్ ప్రోగ్రామ్‌గా బయటికి పంపాలంటే బిల్డ్‌కి మాత్రం ఎమ్‌సిస్2 వాడుకుని, ఫలితం మింగ్‌డబ్ల్యూతో తీసి, ప్రాసెస్‌లని లైబ్రరీకి అప్పగించండి. చైల్డ్‌లు కొద్ది చోట్లే పుడితే, ఇంకో లైబ్రరీ మోయడం ఇష్టం లేకపోతే నేరుగా క్రియేట్‌ప్రాసెస్. సర్వర్ అయితే అపాచీ, పోస్ట్‌గ్రెస్ దారుల్లో ఒకటి, అది నెలల పని అని మేనేజర్‌కి ముందే చెప్పేయండి.

ఏ దారైనా, విండోస్ ముట్టుకోకముందే ఒక పని చేసుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌ని లినక్స్‌లోనే విండోస్ పద్ధతిలో, అంటే ఫోర్క్ నకలు మీద ఆధారపడకుండా, నడిపి చూసే కంపైల్ స్విచ్ ఉంది. వాళ్ల డెవలపర్లు ఆ రకం బగ్‌లని దాంతో లినక్స్‌లోనే పట్టుకోవచ్చు. మీరూ లినక్స్‌లోనే ఫోర్క్‌ని పోసిక్స్ స్పాన్‌గా మార్చి, టెస్టులన్నీ అక్కడే నడపండి. డీబగ్గర్, అలవాటైన టూల్స్ అన్నీ చేతిలో ఉన్నచోట దొరికే బగ్ పది నిమిషాల్లో పోతుంది. అవి పచ్చగా వచ్చాక విండోస్ మెషీన్ ఆన్ చేస్తే, మిగిలేవి కోట్స్, హ్యాండిల్స్, పాత్‌లు మాత్రమే.